వట్టి గిన్నె గడప దాటదు

మా ఆయన సైకిలు మీద యానాం పోతానంటే మా నటేశన్ నగర్‌లో ఎవరూ నమ్మలేదు. ఆయన మటుకు ఎవరిని నమ్మారు గనక. పాలవాడు పాలు పోస్తుంటే కొలతగ్లాసు అడుగున సొట్ట ఉందేమోనని వేలు పెట్టి చూసే మనిషి. ఎవరైనా పెళ్ళికి పిలవడానికి వస్తే, శుభలేఖ అందుకుంటూనే "వీళ్ళకు మనతో ఏందో పని ఉండాది హేమా" అని నా చెవిలో గొణిగే మనిషి.

ఆయన పేరు రంగనాథం. పాండిచ్చేరి పెద్ద మార్కెట్ వెనక సందులో మాకు స్టీలు పాత్రల కొట్టు ఉంది, మా మామగారి కాలం నాటిది. నేను పుట్టింది నగరిలో. తెలుగు చదువుకున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మా ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదివేదీ రాసేదీ అరవమే. నేనేం రాసినా ఆయన చదవలేరు. అదొక ధైర్యం నాకు.

మా కొట్టుకు ఒక పద్ధతి ఉంది. చిన్న చెంబైనా పెద్ద గుండిగైనా, అమ్మిన పాత్ర వట్టిగా గడప దాటకూడదు. గల్లాపెట్టె పక్కన ఎప్పుడూ చక్కెర డబ్బా ఉంటుంది. కొన్నవాళ్ళు పేరు చెక్కించుకున్నాక మా ఆయన అందులో చిటికెడు చక్కెర వేసి చేతికిస్తారు. మా అత్తగారు ఉన్నప్పుడు ఇంట్లో ఆవిడదీ అదే మాట. పక్కింటి గిన్నె మనింటికి వస్తే తిరిగి వట్టిగా పోకూడదు, ఏమీ లేకపోతే రెండు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపాలి. మా అర్చిత చిన్నప్పుడు ఎదురింటి తిలకవతి డబ్బా కడిగి వట్టిదే ఇచ్చి వచ్చింది. "పాత్రలమ్మే ఇంటి పిల్ల వట్టి గిన్నె ఇస్తదా" అని మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇంకో పద్ధతి ఆయన సొంతం. కొత్త మనిషి ఎవరొచ్చినా పరీక్ష పెడతారు. పనిలో చేరినవాడి ముందు ఏదో ఒక వస్తువు మరిచిపోయినట్టు వదిలేసి పక్కకు తప్పుకుంటారు. తెచ్చి ఇచ్చినవాడు ఉంటాడు, ఇవ్వనివాడికి మర్నాడు పని ఉండదు. మేడ మీద అద్దెకు దిగినవాళ్ళకు పెట్టారు. పెద్దల్లుడికి పెట్టారు. నాకూ పెట్టారు. పెళ్ళయిన కొత్తలో బట్టలుతికే బండ మీద బంగారు ఉంగరం కనపడితే తీసుకెళ్ళి ఇచ్చాను. "అయ్యో, మరిచిపోయినానే" అన్నారు. నిజంగా మరిచిపోయిన మనిషి గొంతు అలా ఉండదు. ఆ మాట నేను పైకి అనలేదు గానీ, ముల్లు ముల్లులాగే లోపల ఉండిపోయింది.

ఆయన అలా తయారవడానికి ఒక కారణం ఉంది. పడుచు వయసులో సైకిలు వెనక గంప కట్టుకుని ఏంబలం దాకా పోయి పాత్రలు అమ్మేవారు. ఒకనాడు తేంగాయితిట్టు రేవులో పడవలొచ్చాయని, చేపల వేలం చూద్దామని సైకిలు గోడకు ఆనించి పోయారు. తిరిగొచ్చేసరికి సైకిలుంది, గంప లేదు. మా మామగారు కొట్టలేదు, తిట్టలేదు. వారం రోజులు భోజనానికి కూర్చున్నప్పుడల్లా తన కంచం ఎత్తి చూసి "పరవాలేదు, ఇది ఉండాది" అనేవారట. దానికన్నా నాలుగు తగిలించి ఉంటే బాగుండేదని మా ఆయనే ఒకసారి అన్నారు. ఆ తరవాత తేంగాయితిట్టు వైపు ఆయన అడుగు పెట్టలేదు.

ఇక అర్చిత సంగతి. మా చిన్నపిల్ల. కంప్యూటర్ ఆఫీసులో ఉద్యోగం. ఆదివారాలు స్నేహితులతో కలిసి సైకిలు మీద మరక్కాణం దాకా పోయి వస్తుంది. పోయిన సంక్రాంతి హడావుడి అయిపోయాక ఒకనాడు భోజనాల దగ్గర, ఒక్కతే సైకిలు మీద యానాం పోతానంది. ఆఫీసులో సెలవు కూడా అడిగి పెట్టుకుందట.

"యానాంలో ఏం పని?" అన్నారు మా ఆయన.

"అదీ మన పాండిచ్చేరే కదా నైనా. పాండిచ్చేరి నుంచి పాండిచ్చేరికే పోతా ఉండా."

"మధ్యలో ఉండేది ఎవరిదంట?"

అర్చిత నవ్వలేదు. "నాకు ఇరవై ఆరు నైనా. ఇంత వరకు మిమ్మల్ని ఒక్కటీ అడగలేదు. ఇది అడగతా ఉండా" అంది. ఆ మాట నిజం. చదువు మేం చెప్పిందే చదివింది, ఉద్యోగం మేం చూపిన ఊళ్ళోనే చేసింది.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "సరి. ముందర నేను పోతా. దోవ ఎట్లాంటిదో చూసి వస్తా. ఒక్క దొంగ తగిలినా నువ్వు పోగూడదు."

"ఎవరూ తగలకపోతే?"

"అప్పుడు చూస్తాం."

అప్పుడు పొమ్మంటానని మాత్రం అనలేదు. అయినా అర్చిత దానికే ఒప్పుకుంది. నేనే అరిచాను, అరవై దాటిన మనిషికి ఈ వయసులో ఇదేం పిచ్చి అని. ఆయన వింటే కదా. అర్చిత తన గేర్ల సైకిలు ఇస్తానంటే "అన్ని గేర్లుంటే అన్ని చోట్ల చెడతది" అని తన పాత నల్ల సైకిలే బాగు చేయించారు. దానికి మూడు తాళాలు. బయలుదేరే ముందు రోజు కొట్లో పేరు చెక్కే మిషన్ ముందు కూర్చుని చెంచా, గ్లాసు, మూత డబ్బా, రెండు గిన్నెల క్యారియర్, ఇలా కొన్ని చిన్న పాత్రల మీద కొట్టు పేరు, దాని కింద నా ఫోన్ నంబరు చెక్కారు.

"నా నంబరు ఎందుకండీ?" అన్నాను.

"దోవలో నాకేమన్నా అయితే నీకు తెలియొద్దా హేమా?"

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత వెర్రిదాన్ని.

ఫిబ్రవరిలో ఒకనాడు తెల్లవారుజామున బయలుదేరారు. ఎండ ఎక్కకముందే మొదటి ఫోను వచ్చింది. మరక్కాణం టీ కొట్టువాడు. అయ్యగారు చెంచా మరిచిపోయి వెళ్ళారని అరవంలో చెప్పాడు. మర్నాడు చెన్నై దాటాక ఒక పూలకొట్టు ఆవిడ. గ్లాసు మరిచిపోయారట. ఆ తరవాత ఇంకొకరు. నాకు భయం పట్టుకుంది. ఆయన పెద్దన్న భక్తవత్సలం బావగారు చివరి రోజుల్లో సొంత ఇంటి ముందు నిలబడి ఇది ఎవరిల్లని అడిగేవారు. ఈయనకూ అదే మొదలైందా, నడిరోడ్డు మీద ఒంటరిగా ఉన్నప్పుడే మొదలైందా అని అన్నం సహించలేదు. సాయంత్రం ఆయన ఫోను చేసినప్పుడు మెల్లిగా కదిపాను.

"ఏవండీ, పూలకొట్లో గ్లాసు మరిచినారంట."

"ఫోన్ చేసిందా? నేను పోయిన ఎంతసేపటికి చేసింది?" అన్నారు, ఆత్రంగా.

అప్పుడు అర్థమైంది నాకు. ఉంగరం గొంతు అది. రోడ్డు పొడుగునా పరీక్ష పెట్టుకుంటూ పోతున్నారు మహానుభావుడు. నాకు ఒళ్ళు మండింది, ప్రాణమూ కుదుటపడింది.

ఆయన ప్రయాణం నాకు అలా ఆయన నోట కొంత, ఊరూపేరూ తెలియని వాళ్ళ ఫోన్లలో కొంత తెలిసింది. సత్రంలో పడుకుంటే సైకిలు గొలుసు కాలికి కట్టుకుని పడుకునేవారు. హోటల్లో ఇడ్లీ పెడితే, పక్క బల్ల మనిషి తినేదాకా ఆగేవారు. ఆంధ్రాలోకి పోయాక బోర్డులు చదవడం రాదు. దోవ అడగాలి, అడిగితే నమ్మాలి కదా. ఇద్దరిని అడుగుతారు. ఇద్దరూ ఒకే మాట చెబితే ఇద్దరూ కూడబలుక్కున్నారని అనుమానం. వేరువేరుగా చెబితే ఒకడు అబద్ధమాడాడని అనుమానం.

సూళ్ళూరుపేట దాటాక ఒకాయన ఫోను చేశాడు. మా ఆయన వదిలేసిన చెంబు పట్టుకుని మోటారుసైకిలు మీద వెనకాలే పోతే, ఈయన వెనక్కి చూసి ఇంకా గట్టిగా తొక్కారట.

"అమ్మా, మీ ఆయన ఏందమ్మా అట్టా పారిపోతా ఉండాడు? కేసేమన్నా ఉండాదా?"

"లేదు నాయనా. ఆయన తీరే అంత" అన్నాను.

ఆ రోజు సాయంత్రం మా ఆయన చెప్పింది వేరు. "ఎవడో దొంగనాకొడుకు వెంట పడినాడు హేమా. తప్పించుకున్నా." ఆ దొంగనాకొడుకు మీ చెంబే తెస్తున్నాడండీ అని చెప్పాను. "అట్లయితే వాడు పాస్" అన్నారు.

నెల్లూరు దాటాక ఒక బస్టాండులో మూత డబ్బా బెంచీ కింద వదిలి, ఎదురుగా చెట్టు చాటున నిలబడ్డారు. ఎవరిదో తెలియని డబ్బా అని జనం చుట్టూ చేరి, ముట్టుకోవద్దని అరిచి, పోలీసును పిలిచారు. చెట్టు చాటున నిలబడి చూస్తున్న ముసలాయన్ని ఎవరో చూపించారు. ఆ కానిస్టేబులు నాకు ఫోను చేసి, మా ఆయనతో ఆడిన మాటలు వరసగా చెప్పాడు.

"యాడ నుంచి వస్తన్నావంటే పాండిచ్చేరి అన్నాడు. యాడికి పోతన్నావంటే పాండిచ్చేరి అన్నాడు. పాండిచ్చేరి నుంచి పాండిచ్చేరికి పోయేవాడికి మా ఊళ్ళో ఏం పనమ్మా? తెలుగు మాట్లాడతన్నాడు, బోర్డు చదవమంటే చదవలేదు. ఎవరమ్మా ఈయన?"

నేను ఆయన పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి, దండం పెట్టి విడిపించాను. వదిలేటప్పుడు కానిస్టేబులు డబ్బా చేతిలో పెట్టి "మరిచిపోబాక పెద్దాయనా" అన్నాడట. ఆయన్ని ఒకరు అనుమానించడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ సాయంత్రం గొంతు చిన్నబోయింది. "నన్ను చూస్తే దొంగ మాదిరి ఉండానా హేమా?" అన్నారు. నాకు జాలేసింది. నవ్వూ వచ్చింది.

ఈలోగా మా వీధిలో నా పరువు పోతోంది. ఎప్పుడూ మోగని ఫోను పొద్దస్తమానం మోగుతోంది, అవతల మగవాళ్ళ గొంతులు. తిలకవతి గేటు దగ్గర నిలబడి "ఏంది హేమక్కా, అన్న ఊళ్ళో లేనప్పుడే ఇన్ని ఫోన్లు?" అంది. అనుమానం మా ఇంట్లో పుట్టి వీధంతా పాకింది.

బాపట్ల దాటాక దోవ తప్పారు. ఒకాయన నేరుగా పొమ్మన్నాడట, ఎందుకంత తొందరగా చెప్పాడోనని అనుమానమొచ్చి పక్కకు తిరిగి, మిట్టమధ్యాహ్నం నిజాంపట్నం రోడ్డెక్కారు. అక్కడ టైరు పంచరు. పక్కనే ఒక ఇల్లు, ఇంటి ముందు పందిరి కింద నాలుగు బెంచీలు. చేపల వ్యాన్లవాళ్ళకు అన్నం పెట్టే పూటకూళ్ళిల్లు. ఇంటావిడ పేరు జయలక్ష్మమ్మ. ఈయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, అన్నం పెట్టి, పంచరు వేసే మనిషిని పిలిపించింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

"ఎందుకింత మర్యాద హేమా? ఏందో ఉండాది" అన్నారు ఆ సాయంత్రం. అందుకే ఆవిడకు పెద్ద పరీక్షే పెట్టారు. ఉన్నవాటిలోకి మేలైన వస్తువు, రెండు గిన్నెల క్యారియర్, ఆ బెంచీ కింద వదిలి వచ్చారు.

ఆ రోజు ఫోను రాలేదు. మర్నాడూ రాలేదు. ఆయన నరసాపురం దాటారు, గోదావరి దాటారు, యానాం చేరారు. రోజూ ఒకటే ప్రశ్న: "ఆ క్యారియర్ అమ్మ చేసిందా?" చేయలేదనేదాన్ని. చేసిందని అబద్ధం చెబుదామా అని కూడా అనుకున్నాను, అర్చిత ముఖం చూసి. నోరు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆవిడ మీద కోపమొచ్చింది. అంతమంది చెంచాలకూ గ్లాసులకూ ఫోను చేశారు, ఈవిడకేం పుట్టింది?

రైల్లో సైకిలు వేసుకుని, పెద్ద స్టేషన్ వచ్చినప్పుడల్లా దిగి చూసుకుంటూ ఇంటికొచ్చారు. నల్లబడ్డారు, చిక్కారు, కళ్ళల్లో మాత్రం నెగ్గిన వెలుగు. స్నానం కూడా చేయకుండా అర్చితను పిలిచారు.

"ఒక్క దొంగ తగిలినా పోగూడదన్నా కదా. తగిలింది."

"ఒక్క క్యారియర్ కోసమా నైనా? మిగిలినవాళ్ళందరూ?"

"మిగిలినవాళ్ళతో నీకేం పని? నిన్ను ముంచేదానికి ఒకరు చాలరా?"

అర్చిత పోయి, తన సైకిలు గోడ కొక్కేనికి తగిలించి, పైన పాత దుప్పటి కప్పింది. అది చూసి నేను ఆగలేకపోయాను.

"నాకు పెట్టినారే, ఉంగరం పరీక్ష. ఆ రోజే తెలిసింది నాకు. ఇన్నేండ్లు మీతో కాపరం చేసినా, ఇంకా పాసయినానో లేదో తెలీదు" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. "సుమ్మా పెట్టినాలే" అన్నారు. ఊరికే పెట్టారట. ఊరికే పెట్టిన దానికి నేను ముప్పై ఏళ్ళుగా ఏడుస్తున్నాను. ఆ తరవాత కొన్నాళ్ళు మా ఇంట్లో ముగ్గురం అవసరానికే మాట్లాడుకున్నాం.

మే నెలలో, కత్తిరి ఎండల్లో, కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, నేను నిజాంపట్నం కాణ్ణుంచి జయలక్ష్మమ్మను. మీ క్యారియర్ మా ఇంట్లో ఉండిపోయింది."

"ఇన్ని నెలలు ఫోను చేయలేదేందమ్మా?" అని అడిగేశాను.

"చేస్తే పంపించమంటారు గదా. వట్టి గిన్నె ఎట్టా పంపిస్తానమ్మా? పెద్దాయన పోతాపోతా వట్టి క్యారియర్ పెట్టి పోయాడంటే, ఏదన్నా పెట్టి పంపమనేమో అనుకున్నా. మావిడికాయ పండేదాకా ఆగాను. ఇప్పుడు తాండ్ర పోసి, ఎండబెట్టి, నిండా సర్దాను. మీ ఊరి చెల్లప్పన్ అని, చేపల వ్యానబ్బాయి, మా దగ్గరే అన్నం తింటాడు. అతనికిచ్చి పంపిస్తన్నా."

ఆవిడే మళ్ళీ అడిగింది.

"మీ అమ్మాయి రాలేదేమ్మా? ఒక్కతే సైకిలు మీద వస్తదని పెద్దాయన చెప్పాడు. ఆడపిల్ల గదా, మా ఇంటోనే పడుకోమని చెప్పండన్నా. ఆయన చెప్పలేదా? రోడ్డు మీద సైకిలు పోతే చాలు, లేచి చూస్తన్నా."

ఆయన చెప్పలేదు. ఆ మాటే ఆయనకు అనుమానం తెచ్చి ఉంటుంది, నా కూతురు వాళ్ళింట్లో పడుకోవడం ఈమెకెందుకని. ఫోను పెట్టేశాక నాకు సిగ్గేసింది. నేను కూడా ఆవిడను దొంగ అనుకున్నాను కదా.

మా ఆయనకు ఏమీ చెప్పలేదు. ఆ పని నోటితో చేసేది కాదనిపించింది. రెండు రోజులాగి, చెల్లప్పన్ ఫోను చేశాక, "తేంగాయితిట్టులో చేపల వ్యాను దగ్గర మనకేదో పార్సలు వచ్చిందంట, పోయి తెండి" అన్నాను.

"తేంగాయితిట్టా? ఎవరు పంపినారు? ఎందుకు పంపినారు?"

"నాకేం తెలుసు. పోయి చూడండి."

వంద ప్రశ్నలు వేసి, నల్ల సైకిలెక్కి పోయారు. తిరిగొచ్చేసరికి ఎండ తగ్గింది. హ్యాండిలుకు క్యారియర్ వేలాడుతోంది. లోపలికొచ్చి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. క్యారియర్‌కు చేపల వాసన కొడుతోంది. మూత తీస్తే రెండు గిన్నెల నిండా బంగారు రంగు మామిడి తాండ్ర. దానితోబాటు ఒక చిన్న స్టీలు డబ్బా, అందులో పండుమిరపకాయ పచ్చడి. "అది పాపకంట అన్నా" అన్నాడట చెల్లప్పన్. ఆవిడ చెప్పిన తక్కిన మాటలు కూడా అతనే చెప్పి ఉంటాడు, ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

క్యారియర్ ఎత్తి, తను చెక్కిన నంబరు మీద బొటనవేలితో రుద్దారు.

"మా నైనా కాలం నుంచి వట్టి పాత్ర కొట్టు గడప దాటలేదు హేమా" అన్నారు. "నేనే వట్టిది పెట్టి వచ్చినా. దోవంతా వట్టివే పెట్టి వచ్చినా."

నేను అనవలసింది ఆయనే అనేశారు. లేచి పోయి మొహం కడుక్కున్నారు. అక్కడ చాలాసేపు నీళ్ళ చప్పుడు వినపడింది.

మర్నాటి నుంచి మా ఆయనకు పచ్చడి పిచ్చి పట్టింది. కారం తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి, ఇడ్లీలోకి పండుమిరపకాయే, పెరుగన్నంలోకి పండుమిరపకాయే. అర్చితకు పంపిన పచ్చడి ఈయన తినేస్తున్నారేమిటని ముందు విసుక్కున్నాను. తరవాత గ్రహించాను. డబ్బా ఖాళీ కావాలి ఆయనకు.

ఒక ఆదివారం పొద్దున ఆ డబ్బా తనే తోమి, తుడిచి, బజారు నుంచి తెచ్చిన కలకండ పలుకులతో నిండా నింపి, మూత బిగించి, అర్చిత ముందు పెట్టారు. ఆ పిల్ల కాఫీ తాగడం ఆపి చూసింది.

"ఇది నిజాంపట్నం పోవాల" అన్నారు. "వ్యాన్లో పంపితే చేపల వాసన పట్టుకుంటది. చేతికి చేతిగా ఇయ్యాల."

"ఎవరు పోతారు నైనా?"

"నాకు మోకాళ్ళు నొస్తా ఉండాయి" అన్నారు మా ఆయన, గోడ వైపు చూస్తూ.

అర్చిత లేచి పోయి సైకిలు మీది దుప్పటి తీసింది.